పడనన్న మృగం

రోజుకి రెండుసార్లు తొరకిచి ఇంట్లోకి పోటు వచ్చేది. ఆ వేళకి అతని భార్య కినుయో నేల మీది చాపలు చుట్టి అటకెక్కించేది. బట్టలు మోకాళ్ళ పైకి దోపుకుని నీళ్ళలోనే వంట కానిచ్చేది. పక్కింటివాళ్ళు గుమ్మంలో చెప్పులు పైకి తీసి పెట్టుకునేవాళ్ళు. అంతే. వాళ్ళ ఊరు ఒమోరి ముందున్న సముద్రాన్ని ఫ్యాక్టరీల కోసం మట్టి పోసి పూడ్చి మూడేళ్ళయింది. ఆ నీళ్ళలో తినే నాచు పెంచుకు బతికే కుటుంబాలన్నిటి చేతా సముద్రం వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకున్నారు. సముద్రం చేత పెట్టించుకోలేదు. కనక అది తను ఎరిగిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వస్తూనే ఉంది.

నడిచలికాలంలో నడుంలోతు నీళ్ళలో నిలబడి నాచు కోసిన మనిషి తొరకిచి. ఇప్పుడు టీవీ సీరియల్లో రాక్షస మృగం వేషానికి కుదిరాడు. ఆ రబ్బరు తొడుగు మనిషంత బరువు. అంతకుముందు తొడుక్కున్న కుర్రాళ్ళు లోపలే సొమ్మసిల్లారు. వాళ్ళకి ఒంట్లో బలం లేదు, పొగరు మాత్రం బోలెడు.

"కథేంటయ్యా?" అంది కినుయో చేప కాలుస్తూ.

"మొదటి వారం సముద్రంలోంచి లేస్తాను. కొత్త ఫ్యాక్టరీలు తొక్కేస్తాను. విమానాలు కాలుస్తాయి. పడి చస్తాను."

"సముద్రాన్ని మింగింది వాళ్ళు. రాక్షసుడివి నువ్వా?" చేపని విసురుగా తిరగేసింది.

స్టూడియోలో మృగం తొక్కాల్సిన బొమ్మ ఊరిని వడ్రంగులు నెల్లాళ్ళు కట్టారు. తన్నగానే విరిగేలా గోడల వెనక గాట్లు పెట్టారు. అది ఒక్కసారే విరుగుతుంది. తొరకిచి తొడుగు మెడలోని చిల్లుల్లోంచి చూశాడు. పొగగొట్టాలు, నూనె ట్యాంకులు. తను వెదుళ్ళు పాతి నాచు పెంచిన చోటికే బొమ్మ అది. తొక్కాడు. ఎలా తొక్కాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తీగల మీద విమానాలొచ్చి టపటపా కాల్చాయి. మృగం నిలబడే ఉంది.

"పడవయ్యా!" అని అరిచాడు డైరెక్టరు కుజే. "పడకపోతే నువ్వు రేపట్నించి రానక్కర్లేదు!"

"ఒకసారి పడ్డాను డైరెక్టరు గారూ," అంది తొడుగులోని గొంతు. "కాగితం పెట్టి వంగమంటే వంగాను. ఇక వంగను."

ఇంతలో తలుపు కింద నుంచి నీళ్ళొచ్చాయి.

"పోటు," అన్నాడు లైట్లవాడు, వైర్లు పైకెత్తుతూ.

నీళ్ళు బొమ్మ ఊరిని ముంచి మృగం నడుం దాకా లేచాయి. తొరకిచి విమానాలకి వీపు తిప్పి, తొందర లేకుండా, నాచు బుట్ట మోసుకెళ్ళేవాడిలా నడిచి వెళ్ళిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. నీళ్ళు తీశాక చూస్తే చెక్కముక్క మిగల్లేదు. మళ్ళీ తీయడానికి ఊరే లేదు. తీసిందే వేశారు.

ఆదివారం సాయంత్రం వీధంతా మంగలి షాపులో టీవీ ముందు చేరింది. మృగం చావకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంటే నాచు పనివాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. పిడికిళ్ళు బిగించుకుని నిలబడ్డారు.

మర్నాడు కుజే మిఠాయి పెట్టెతో ఇంటికొచ్చాడు. 'నువ్వు' అన్న నోటితోనే 'మీరు' అన్నాడు.

"ఆ మృగం మళ్ళీ కావాలని ఒకటే ఫోన్లు. మీరు రావాలి."

"పడాలా?" అన్నాడు తొరకిచి.

"వద్దు. ఏ వారమూ వద్దు."

తొరకిచి తలూపబోయాడు. కినుయో అడ్డొచ్చింది.

"మా ఆయన మీ లైట్ల కింద పొద్దస్తమానం నిలబడ్డాడు. ఇప్పుడు మీరు మా ఇంట్లో నిలబడండి. పోటు తీశాక మాట్లాడదాం."

పోటు అప్పుడే మొదలైంది. కుజే పాంటు మడుచుకున్నాడు. నీళ్ళు చీలమండలు దాటాయి, మోకాళ్ళు దాటాయి. కినుయో అతని చేతిలోని మిఠాయి పెట్టె ఒక్కటే తీసుకుంది, తడవకుండా.