గాదెలో గొంతు

"అక్కా, క్లిప్పులన్నీ ఎర్రబడిపోయాయేంటి?" అని పక్కగదిలోంచి తమ్ముడు అరిచేసరికి ఆమె ఇంకా నింపాదిగా టీ తాగుతోంది.

ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఎరుపంటే ఒకటే అర్థం, కంప్యూటరుకు ఆ బొమ్మ ఎక్కడుందో దొరకడం లేదని. చాలాసార్లు అది ఎవరి కాలో తగిలి వైరు ఊడటం వల్లే. ఆమె కూడా వైరే అనుకుని, కప్పు చేత్తో పట్టుకునే వెళ్ళి వంగి చూసింది. వైరు గట్టిగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తను చేసిన పని.

అక్కాతమ్ముళ్ళది రెండు గదుల ఎడిటింగ్ దుకాణం. కిందటేడు దాకా ఎవరి హార్డ్‌డిస్కు వాళ్ళదే. ఒకరి ఫుటేజీ ఇంకొకరు కాపీ చేసుకోవడం, పని కాగానే డిస్కు ఖాళీ చేసుకోవడం. "తిన్నాక ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవాలి" అని నియమం పెట్టింది ఆమే. ఆ తర్వాత తమ్ముడు ఆమెను వీడియో సామాన్ల ఎగ్జిబిషన్‌కు లాక్కెళ్ళాడు. అక్కడొక స్టాల్లో షేర్డ్ స్టోరేజీ పెట్టె చూపించారు. ఫుటేజీ అంతా అందులోనే ఉంటుంది, ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని దాని మీదే పని చేసుకోవచ్చు, కాపీల గోల ఉండదు. "ఊరికే ఇచ్చే సంచి తీసుకుని ఇంటికి పోదాం పదరా" అని ఆమె ఎంత సణిగినా పెట్టె దుకాణానికి రానే వచ్చింది. దానికి గాదె అని పేరు పెట్టిందీ ఆమే. నాలుగు రోజులు వాడాక, అది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చామా అని ఆశ్చర్యపోయిందీ ఆమే.

పొద్దున ఆ గాదెలో తన పేరున్న ఫోల్డరు కనబడింది. అత్త మీద తీసిన ఫిల్ములో తన పని అయిపోయింది, తమ్ముడు రంగులు సరిచేస్తున్నాడు, వాడి కాపీ వాడి దగ్గరుంటుంది కదా అనుకుంది. ఏళ్ళనాటి అలవాటు కొద్దీ చెరిపేసింది. కంచం కడిగేసింది. కానీ ఇప్పుడు ఇద్దరూ తింటున్నది ఒకే కంచంలో.

"చెత్తబుట్టలో ఉంటుందిగా?" అంది.

"మన కంప్యూటర్లో చెరిపితే బుట్టలో పడుతుంది. గాదెలో చెరిపితే పోయినట్టే."

"కెమెరా కార్డుల్లో?"

"అవి చెరిపేసే కదక్కా, నిన్న పెళ్ళి తీశాం. ఆ పెళ్ళే ఇప్పుడు గాదెలోకి ఎక్కుతోంది, పోయినదాని మీద రాసుకుంటూ."

ఎవడు ఏం పాడుచేసినా 'గాదె కింద పందికొక్కు' అని తిట్టిపోసే మనిషి ఆమె. ఇవాళ ఆ పందికొక్కు తానే. తిట్టడానికి ఎవరూ దొరక్క కుర్చీలో కూలబడింది.

అత్త అంటే సొంత మేనత్త. అమ్మా నాన్నా పోయాక ఇద్దర్నీ రెక్కల కింద పెట్టుకుని పెంచింది. లెక్కల టీచరు. ఆవిడ ఒక తరగతిలో ఎక్కం చెబితే పక్క తరగతి పిల్లలకు కూడా వచ్చేసేది, అంత గొంతు. ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు అత్తను కూర్చోబెట్టి తనివితీరా మాట్లాడించి షూట్ చేశారు. ఇప్పుడు మనిషి దక్కింది. మాట లేదు. ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపే అలవాటు ఆవిడకు ఏనాడూ లేదు, ఏదున్నా ఫోన్ చేసి దులిపేయడమే. ఆ గొంతు ఇక గాదెలో తప్ప ఎక్కడా లేదు. సాయంత్రం ఫిల్ము చూడటానికి ఆవిడే వస్తోంది.

తమ్ముడు ఉన్నట్టుండి తలెత్తాడు. "మొన్న ఈ ఏటి ఎగ్జిబిషన్‌కి అత్త క్లిప్పులు కొన్ని పట్టుకెళ్ళానక్కా. మీ ఫుటేజీతోనే పరీక్షించుకోండి అంటే మనం గాదె కొన్న స్టాలువాళ్ళ పెట్టెలో వేశా. నా డిస్కు మాత్రం వచ్చాక కడిగేశా."

ఉన్న గాదెకు జోడీగా ఇంకోటి తెద్దామని వాడి గొడవ. "ఉన్నది చాలదా, రెండోది నెత్తిన పెట్టుకోవడానికా?" అని ఆమె వాడి నోరు మూయించింది. ఎగ్జిబిషన్‌కు ఇవాళే ఆఖరు.

స్టాలువాళ్ళు ఫోనెత్తలేదు. పెళ్ళి కాపీ ఆపమని తమ్ముడికి చెప్పి ఆమె స్కూటరెక్కింది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అత్త గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. మాటలు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడితేగాని కదల్లేదు.

హాల్లో తివాచీలు చుట్టేస్తున్నారు. స్టాళ్ళు సగం చెక్కలూ మేకులూ అయిపోయాయి. స్టాలు అతను పెట్టెకు బుడగల ప్లాస్టిక్ చుడుతున్నాడు.

"వచ్చినవాళ్ళ ఫుటేజీ మేం ఉంచుకోం మేడమ్. పొద్దున్నే తుడిచేశాం."

ఆమె అక్కడే తివాచీ చుట్ట మీద కూర్చుండిపోయింది. అతను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. ఏం పోయిందని అడిగాడు. మా అత్త గొంతు, అంది.

అతను తల గోక్కున్నాడు. "దీనికి జోడీ ఒకటుంది మేడమ్. దీంట్లో పడ్డది దాంట్లో కూడా పడుతుందని చూపించడానికి పెట్టాం. అది తుడిచారో లేదో తెలీదు. లారీలోకి పోయింది."

లారీ దాకా ఇద్దరూ పరిగెత్తారు. అట్టపెట్టెలన్నీ దించి, అడుగున ఉన్నదాన్ని లాగి, అక్కడే ప్లగ్గు దొరికేదాకా ఆమె ప్రాణం అరచేతిలో ఉంది. తుడవలేదు. తమ్ముడి పేరుతో ఫోల్డరు. లోపల 'వేస్టు' అని ఇంకోటి. అంతే.

తమ్ముడికి ఫోన్ చేసింది. "మంచివేవిరా?"

"మంచివి తీసుకెళ్ళలేదక్కా. అత్త మనసు విప్పి చెప్పిన మాటలు స్టాల్లో పదిమందికీ వినిపించడం ఎందుకని, నువ్వు పనికిరావని తీసిపారేసినవే పట్టుకెళ్ళా."

సాయంత్రం అత్త మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని వచ్చింది. కుర్చీలో సర్దుకుని, ఇక మొదలుపెట్టమన్నట్టు చెయ్యి ఊపింది.

"అత్తా, చెరిపేశాను. నా చేత్తో నేనే. నువ్వు చెప్పినవన్నీ పోయాయి. ఈ కాస్తే మిగిలింది" అంది ఆమె. అత్త మొహంలోకి చూసే ధైర్యం లేక క్లిప్పు నొక్కేసింది.

తెర మీద అత్త. మైకు వంకరగా వేలాడుతోంది. స్పీకర్లోంచి ఆ గొంతు గదంతా నింపేసింది.

"ఏమే పిచ్చుకా, ఆ వైరు తిన్నగా పెట్టడం ఇంకా రాలేదా నీకు? ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఇదేనా? వంగు. నీ మెడ ఎందుకలా గుంజుకుపోయింది? రాత్రి తిన్నావా లేదా? తమ్ముడికి పెట్టి నువ్వు మానేశావు కదూ. నాకు తెలీదనుకుంటున్నావా?"

ఆమె భయపడుతూనే తల తిప్పి చూసింది. అత్త ఏడవడం లేదు. చూపుడువేలు ఆమె వైపు ఆడిస్తూ, తెర మీది మాటలను శబ్దం లేకుండా పెదాలతో తనే తిడుతోంది. పెదాలకు సౌండు కలిపే పనే ఆమెది, ఇన్నేళ్ళుగా. ఇక్కడ కలపాల్సిందేమీ లేదు.

క్లిప్పు అయిపోయింది. అత్త మళ్ళీ అని సైగ చేసింది.

"ఆగత్తా, ఒక్క నిమిషం" అంది ఆమె. "ఒరేయ్, ముందు దీన్ని ఇంకో రెండు చోట్ల పెట్టు. ఆ కడిగేసిన డిస్కు కూడా పట్రా."