దాహమని వచ్చిన పడవ

నేను ఒక రెండు గొట్టాల తుపాకీని. ఏ దేశపు కొలిమిలో పుట్టానో మరిచిపోయాను గానీ, రంగూన్ బజారులో సంగాడి ధర్మయ్య నన్ను భుజానికి ఆనించి చూసుకున్న రోజు మాత్రం గుర్తుంది. ఆయన కోరంగి నుంచి రంగూన్‌కు తెరచాప ఓడ నడిపే సరంగు. దారిలో దొంగల బెడద. నన్ను కొన్నాక ఆయన భయం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. అంతకుముందు దూరాన పడవ కనిపిస్తే చెయ్యి ఊపేవాడట. ఇప్పుడు నన్ను అందుకునేవాడు.

ఒక వేసవి ఉదయం బియ్యం బస్తాలతో ఇంటికి తిరిగొస్తున్నాం. ఒక దీవి పక్కనుంచి చిన్న పడవ మావైపు గబగబా వచ్చింది. అందులోవాళ్లు ఏదో అరుస్తున్నారు. గాలి హోరులో మాట తెలియడం లేదు.

"కాల్చకు బావా! ఆళ్ల చేతుల్లో కత్తుల్లేవు," అన్నాడు చుక్కాని దగ్గరున్న బావమరిది కాశయ్య.

"దగ్గరికొచ్చాక తీత్తారేమో, నీకెలా తెలుసురా?"

ధర్మయ్య ఆ పడవకు ముందు నీళ్లలోకి కాల్చాడు. పడవ ఆగిపోయింది. ఒకామె లేచి కుండ పైకెత్తి, బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు.

ఆయన నన్ను కింద పడేసి, "రండి! నీళ్లున్నాయి, రండి!" అని గొంతు చించుకున్నాడు. వాళ్లకు వినపడింది నా గొంతే. వెనక్కి తిరిగి రాళ్ల మధ్యకు పారిపోయారు. కాశయ్య నీళ్ల పీపాతో చిన్న పడవ దించుకుని, సాయంత్రం దాకా దీవి చుట్టూ వెతికాడు. ఎవరూ కనిపించలేదు. పీపాను ఒడ్డున వదిలి వచ్చాడు.

ఆ తర్వాత ధర్మయ్య నన్ను తుడవడం మానేశాడు. అన్నం దగ్గర నీళ్ల చెంబు పెడితే, దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

మరుసటి ఏడాది ఇంకో పడవ వచ్చింది. అందులోవాళ్లు నోటికి దోసిలి పట్టి నీళ్లు కావాలని సైగ చేశారు. ఈసారి కాశయ్యే నన్ను తెచ్చి బావ చేతిలో పెట్టాడు. ఆయన నన్ను పక్కన పెట్టి, తాడు జారవిడిచాడు. ఆ తాడు పట్టుకునే దొంగలు పైకెక్కారు. బియ్యం, బట్టల పెట్టెలు, చివరికి నన్నూ తీసుకున్నారు. అడ్డుపడిన కాశయ్య భుజం మీద కత్తి దిగింది.

"తుపాకీ చేతికిచ్చాను కద బావా!" అని కాశయ్య ఏడ్చాడు.

ధర్మయ్య తలగుడ్డ విప్పి గాయానికి కడుతున్నాడు. "నిజంగా దాహంతో వచ్చుంటేనో?" అన్నాడు.

నేను విన్న ఆయన ఆఖరి మాట అదే. తర్వాత ఎన్ని చేతులు మారానో, నన్ను ఎవరెవరి మీదికి ఎత్తారో చెప్పడానికి మనసొప్పదు. ఇప్పుడు ఒక రేవు గోదాములో తుప్పు పట్టి పడి ఉన్నాను. మీట బిగుసుకుపోయింది. బాగుచేయించాలని ఎవరికీ తోచకపోతే బాగుండును.