పై నీళ్ళు, కింది నీళ్ళు

కాగితం మీద అంకెలు తలకిందులుగా ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా అంతే. కొండ మీద ఏరు పుట్టే మా ఊటలో సీసం ఎక్కువ, కింద కంపెనీ ఖనిజం కరిగించే కొలిమి గొట్టం దిగే చోట ఏట్లో సీసం తక్కువ.

రెండు చోట్లా నీళ్ళు పట్టింది నేనే. చాల్యావిరి ఊరి తరఫున నీళ్ళ సాక్షిని. మూడు నెలలకోసారి కంపెనీ ఇంజనీరుతో కలిసి వెళ్తాను, బాటిళ్ళు నింపుతాను, మూతల మీద ఎక్కడివో గుర్తు వేసి సంతకం పెడతాను. అవి ఓరూరో పట్నంలో పరీక్షకు పోతాయి. ఇన్నాళ్ళూ ఏట్లోవే పట్టాం, ఊటవి పట్టడం ఇదే మొదలు. ఈసారి వాటి మీదే అంతా ఆధారపడి ఉంది. కొలిమిలో వాడిన నీళ్ళు ఏట్లోకి వదలకుండా, శుభ్రం చేసి మళ్ళీ అక్కడే వాడుకోవాలని, ఆ గొట్టం మూయించాలని మేం సర్కారుకు అర్జీ పెట్టాం. ఏరు కొలిమి దగ్గరే పాడవుతోందని ఈ బాటిళ్ళు చెప్పాలి. అవేమో ఏరు పుట్టుకతోనే చెడ్డదన్నాయి.

ఇంజనీరు ఉగార్తే మంచివాడు. నాకు చిరాకు అందుకే. తిట్టడానికి ఒక్క సాకూ ఇవ్వడు.

"దొన్యా నికొలాసా, నేనూ ఇలా వస్తుందనుకోలేదు. కానీ మీది ఖనిజం కొండ కదా. పైనుంచే సీసం వస్తుంటే మా గొట్టం మూసి ఏం లాభం చెప్పండి?" అన్నాడు.

ఊరి సభలో అంత మర్యాద దొరకలేదు.

"బాటిళ్ళు తారుమారు చేసుంటావు," అన్నాడు ఊరిపెద్ద సెరాపియో. "పైది కిందికి, కిందిది పైకి."

"కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలీనిదాన్నా నేను?"

"తెలిసే చేసిందేమో అడుగు పెద్దాయనా," అంది వెనక నుంచి మా వదిన హసింటా. "ఇంటికి కొత్త రేకులు పడ్డాయి కదా. ఊరికే పడతాయా?"

రేకులు మా తమ్ముడు కొనిపెట్టాడు. ఆ మాటే చెప్పాను. అందరూ తలలూపారు, ఎవరూ నమ్మలేదు. ఇంటికొచ్చాక నన్ను నేనే నమ్మడం మానేశాను. నీళ్ళు పట్టిన పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. మూత మీద గుర్తు నీళ్ళు పట్టక ముందు వేశానా, పట్టాక వేశానా? ముందే అనుకుంటే ముందే అనిపించింది, తర్వాత అనుకుంటే తర్వాతే అనిపించింది.

మర్నాడు ఒక్కదాన్నే ఊట దగ్గరికి వెళ్ళాను. ముంచేముందు భూమి తల్లిని అడగాలి కాబట్టి మూడు కోకా ఆకులు గట్టున పెట్టి, సారా నాలుగు చుక్కలు నేలకు పోశాను. బాటిళ్ళు నింపిన రోజూ ఇంతే చేశాను. ఆకుల్లో సీసం ఉండదు, సారాలో ఉండదు. మరి ఈ నీళ్ళకు ఇంకేం ఇస్తాం మేం?

అప్పుడు ఆగస్టు నెల గుర్తొచ్చింది.

ఆగస్టులో భూమి తల్లి పచమామ నోరు తెరుచుకుని ఉంటుంది. లామా కొవ్వు, చక్కెర బిళ్ళలు, మూలికలు కాగితంలో పేర్చి కాల్చి పెడతాం. వాటితోపాటు సంతలో పొట్లాలుగా అమ్మే చిన్న చిన్న సీసం బొమ్మలుంటాయి. ఇల్లు కావాలంటే ఇల్లు, మంద కావాలంటే లామా, జబ్బు నయం కావాలంటే మనిషి, పెళ్ళికి చేతులు పట్టుకున్న జంట. మిగతా ఊళ్ళలో వాటినీ మంటలోనే వేస్తారు. మా తాతల నాటినుంచి మేం మాత్రం ఊటలో వేస్తాం.

చెయ్యి భుజం దాకా ముంచి బురదలో దేవాను. పిడికిలి తెరిస్తే రెండిళ్ళు, ఒక లారీ, కాళ్ళు అరిగిపోయిన లామా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మ మంచులో ఆరబెట్టిన చూన్యో దుంపలు నానబెడుతోంది. ఆ బొమ్మల్ని ఆమె ముందు పోశాను.

"ఇచ్చింది వెనక్కి తెచ్చావా? తల్లి నోటి దగ్గర కూడు లాక్కొచ్చావటే?"

"అమ్మా, ఇది సీసం."

"సీసమని నాకు తెలీదా? వెండివి కొనే స్తోమత మనకెక్కడిదే?"

"కొలిమి పనిలో నాన్న రక్తంలోకి దిగి ఆయన్ని తీసుకుపోయింది ఇదే."

అమ్మ చేతులు తుడుచుకుంది. శాలువా భుజాన వేసుకుంది. "ఎవరిచ్చింది వాళ్ళే అడిగి తీసుకోవాలి. నువ్వు తియ్యకూడదు. ఊరందర్నీ పిలువు," అంది.

సభలో పిడికిలి తెరిచి చూపించాను. రేకుల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆదివారం ఊరంతా ఊట చుట్టూ చేరి, ఒక్కొక్కరే క్షమించమని అడిగి చేతులు ముంచారు. కాసేపటికే తగువు మొదలైంది. ఒకే లామా కోసం ముగ్గురు పట్టుబట్టారు.

"లారీ నాది," అంది హసింటా వదిన. "వేసి పన్నెండేళ్ళయింది. ఇదిగో, బొమ్మ లారీ తిరిగొచ్చింది, అసలు లారీ ఇంటికి మాత్రం రాలేదు."

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు వెతికింది. మనిషి బొమ్మలు ఏడు తీసింది. అన్నీ మగబొమ్మలే. వాటిని శాలువా కొంగున కట్టుకుంది.

బురద ఎత్తి దూరంగా పూడ్చాం. మూడు వారాలు ఊటను దానంతట దాన్ని పారనిచ్చాం. తర్వాత ఉగార్తే కళ్ళ ముందే మళ్ళీ పట్టాను. గుర్తులు ముందే వేశాను, గట్టిగా చదివి మరీ. ఈసారి పై నీళ్ళలో సీసం లేనట్టే వచ్చింది. కింది నీళ్ళలో అప్పటి లెక్కే ఉంది. రెండు నెలల తర్వాత గొట్టం మూయమని సర్కారు ఆర్డరు వచ్చింది. ఊళ్ళో బాజాలు మోగాయి. సెరాపియో నా గ్లాసు తానే నింపాడు.

అమ్మ రాలేదు. ఇంటికెళ్తే ఏడు బొమ్మలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీ నాన్నకి నొప్పొచ్చినప్పుడల్లా ఒకటి వేశాను," అంది. "కింది నీళ్ళు విషమని, ఆయన మంచంపట్టిన ఆ రెండేళ్ళూ రోజూ కొండెక్కి ఈ నీళ్ళే తెచ్చి తాగించాను. బొమ్మ వేసిన చోటే ముంచేదాన్ని, గుణం ఎక్కువుంటుందని. నువ్వు నీళ్ళ సంగతి తెలిసినదానివి. చెప్పవే. ఆయన్ని చంపింది కొలిమా, నేనా?"

"కొలిమే అమ్మా," అన్నాను.

ఆమె అడగడం పూర్తికాకముందే అన్నాను. ఒక్క మూత మీద గుర్తు గురించి రోజులు రోజులు తల బద్దలు కొట్టుకున్నదాన్ని, ఆ మాట మాత్రం చూసినట్టే చెప్పాను. అమ్మ నమ్మింది. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.