నాలుగు కార్ల జాగా

గచోకా నన్ను మోసం చేశాడు. ఈ మాట బజారులో చెప్పాను, చర్చి గుమ్మంలో చెప్పాను, వాడి ముఖానే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను. మేమిద్దరం ఒకే తెల్లవారుజామున ఒకే ఏటి చన్నీళ్ళలో వణుకుతూ నిలబడి, ఒకే కత్తి కింద మగవాళ్ళమయ్యాం. అలా ఒకే ఏడు సున్తీ అయినవాడిని వకినీ అంటాం. సొంత తమ్ముణ్ణి కాగితం చూపించమనొచ్చు గానీ వకినీని అడిగితే వాణ్ణి దొంగ అన్నట్టే. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇరవై రెండేళ్ళు క్వారీలో రాయి చెక్కాను. ఆ డబ్బుతో కహావాలో స్థలం కొని, నా చేత్తో చెక్కిన రాయితోనే ఇల్లు లేపాను. కింద ఒక అంతస్తు, పైన రెండు, మొత్తం పన్నెండు వాటాలు. మూడు వాటాలకు ఒక కారు చొప్పున నాలుగు కార్లకు జాగా చూపిస్తేనే ప్లాను పాసు చేస్తామని నగర కార్యాలయం వాళ్ళు అన్నారు. ఆ నాలుగింటిలో ఒకచోట కరెంటు కారుకు ఛార్జింగు పెట్టే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే ఇంట్లో మనుషులు ఉండొచ్చన్న పత్రం ఇవ్వరు.

ఆ పత్రం రాకముందే నా ఇంట్లో అద్దెకు చేరినవాళ్ళలో కారున్నవాడు ఒక్కడూ లేడు. ఇద్దరికి కరెంటు బైకులున్నాయి. వాటి బ్యాటరీలు కూడా వాళ్ళు పెద్ద రోడ్డు మీద మార్చుకుని వస్తారు.

మా వీధిలో అందరూ చేసే పని ఒకటుంది. ప్లానులో కార్లు చూపిస్తారు, కట్టాక ఆ జాగాలో కొట్లు లేపుతారు. తనిఖీ రోజున సున్నంతో గీతలు గీసి, ఎవరిదో కారు తెచ్చి నిలబెడతారు. మర్నాడే గోడ పని మొదలవుతుంది. నేను ఆ పని చేయలేదు. రోడ్డు నుంచి వెనక గోడ దాకా పదహారడుగుల వెడల్పున స్థలం వదిలేశాను. నా భార్య ముంబికి అక్కడ కూరగాయల కొట్టు పెట్టుకోవాలని ఉండేది.

"రాని కార్ల కోసం కాపలా కాయి. నా టమాటాలు రోడ్డు మీద ఎండలో కుళ్ళనీ" అనేది.

"రూలు రూలే" అనేవాణ్ణి. అలా అన్నందుకు నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

మా పక్క స్థలంలో గచోకా ఏడంతస్తులు మొదలుపెట్టాడు. అవి అద్దెకు కాదు, అమ్మకానికి. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, టీలో మందాజీ రొట్టె ముంచుకు తింటూ, మా అలవాటు ప్రకారం కూతురి పేరుతో నన్ను పిలిచి అడిగాడు.

"బాబా న్యాంబురా, నీ ఛార్జింగు తీగ సంగతి ఏమైంది?"

"ఈ లైను చాలదట. ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకోమన్నారు. నన్ను ముక్కలు చేసి అమ్మినా ఆ డబ్బు రాదు."

"నేను బతికుండగా నిన్ను ముక్కలు చేసేదెవడోయ్! నా బిల్డింగుకి ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ వేస్తున్నా. మన మధ్య గోడ తీసేద్దాం. మెషీన్లు నావి, కరెంటు నాది, జాగా నీది. ఆఫీసు నోరు మూతపడుతుంది, నీకు పత్రం వస్తుంది."

ముంబి కెటిల్ కింద పెట్టి, "కాగితం ఉంటుందిగా? సాయంత్రం న్యాంబురా కాలేజీ నుంచి వచ్చాక ఒకసారి చదవనివ్వండి" అంది.

గచోకా నవ్వాడు. "వదినా, ఏట్లో నీ మొగుడి పక్కన నిలబడింది నేనా, నీ కూతురా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకో ముంబీ, పరువు తీయకు" అన్నాను.

మంగళవారం వాడి లాయరు ఆఫీసుకు వెళ్ళాం. లాయరు ఇంగ్లీషులో గడగడా చదివాడు. గచోకా మా భాషలో నాలుగు ముక్కల్లో చెప్పాడు. నేను సంతకం పెట్టాను. భార్య సంతకం కూడా కావాలన్నారు. ముంబి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె వేళ్ళ మధ్య కలం పెట్టింది నేనే.

నాలుగు నెలల్లో జాగా మెరిసిపోయింది. నల్లటి పలకలు పరిచి, పచ్చరంగు గీతలు గీసి, రెండు ఛార్జింగు మెషీన్లు నిలబెట్టారు. వాటిని ఫోటో తీసుకుని, పత్రం కోసం నగర కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ నెకేసా అనే అధికారిణి ఉంది. నా కూతురికంటే ఏ పదేళ్ళో పెద్దది. మర్యాదగానే కూర్చోమంది. కంప్యూటర్లో మ్యాపు తెరిచి చాలాసేపు చూసింది.

"పెద్దాయనా, మీ నాలుగు కార్లు ఎక్కడ?"

"అవే కదమ్మా, పచ్చగీతలు."

"అవి పక్క బిల్డింగువి. ఆయనకు పద్దెనిమిది కావాలి, సొంతంగా పద్నాలుగే ఉన్నాయి. మిగతా నాలుగూ మీరు తొంభై తొమ్మిదేళ్ళకు రాసిచ్చారు. మీ భార్యగారి సంతకం కూడా ఉంది."

"ఇద్దరికీ అని చెప్పాడు."

"ఒకే జాగాని రెండు ఇళ్ళకు లెక్కపెట్టకూడదు. ఇప్పుడు మీ ఇంటి లెక్కలో కార్లు సున్నా."

ఆమె గ్లాసులో నీళ్ళు పోసి నా ముందుకు జరిపింది. పద్నాలుగు రోజుల్లో నాలుగు కార్ల జాగా చూపించాలని, లేదంటే ఇల్లు పడగొట్టి దాని ఖర్చు కూడా నా మీదే వేస్తారని చెప్పింది. నేను ఇంటికి చేరేసరికే గోడ మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి ఉంది. ఆ రంగు ఇంకా కారుతోంది.

అటు నుంచి అటే గచోకా దగ్గరికి వెళ్ళాను. వాడు ఐదో అంతస్తులో టైల్స్ వాళ్ళ మీద అరుస్తున్నాడు.

"నాలుగూ వద్దు వకినీ, రెండివ్వు. మిగతా రెండింటికి నా చావు నేను చస్తా."

"ఎలా ఇవ్వను? ఫ్లాటుతో పాటే అమ్మేశాను. ఒకాయన కరెంటు కారు కొని దుబాయ్ నుంచి తెప్పిస్తున్నాడు కూడా."

"నాకు ఈ సంగతి చెప్పావా?"

"లాయరు చదివాడు కదా. నువ్వు తల ఊపావు."

"నీ ముఖం చూసి ఊపానురా!"

పనివాళ్ళు చేతిలో పని ఆపి చూస్తున్నారు. యాభై మూడేళ్ళవాణ్ణి, వాళ్ళందరి ముందు సిమెంటు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నాను. గచోకా నా భుజం పట్టి లేపాడు. "పిల్లల ముందు ఇదేంటి, లే" అన్నాడు. అంతే అన్నాడు.

పంచాయితీకని మా ఈడు పెద్దలను కూడగట్టి మేకను కోశాను. వాళ్ళు కడుపునిండా తిని, చేతులు తుడుచుకుని, మా మాట కంటే సంతకం పెద్దదైపోయింది ఈ రోజుల్లో అన్నారు. నేను పట్టుకున్న లాయరు కేసు వేస్తే ఎనిమిదేళ్ళు పడుతుందన్నాడు. నా దగ్గర తొమ్మిది రోజులే ఉన్నాయి.

వెనక స్థలంవాడి కాళ్ళు పట్టుకున్నాను. అతని ఇల్లు గోడకు గోడ ఆనించి కట్టి ఉంది, సైకిలుకు కూడా చోటు లేదు. చివరికి మా కింది నాలుగు వాటాలూ కొట్టేసి అక్కడే కార్లు పెట్టిద్దామని ఒక మేస్త్రీని తెచ్చాను. అతను సుత్తి తీసుకుని గోడ పొడుగునా తట్టుకుంటూ నడిచాడు.

"ఎవరు కట్టారు దీన్ని?"

"నేనే."

"బాగా కట్టావు. స్తంభం ఒక్కటీ లేదు, బరువంతా రాయే మోస్తోంది. కింద ఒక్క గోడ తీశావా, పైన రెండంతస్తులూ నీ నెత్తిమీదే."

నాకు తెలియక కాదు. వేరేవాడి నోట వింటే ఇంకోలా ఉంటుందేమోనని ఆశ.

పదో రోజు నుంచి అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. పరుపులు చుట్టుకుని, గ్యాస్ బండలు మోసుకుని, ఎర్ర గుర్తు పక్క నుంచి తల దించుకుని పోయారు. కరెంటు బైకు కుర్రాడు, "మ్జే, పెద్దాయనా, మాకు కార్లు లేవని మేమే వెళ్ళి చెప్తే వినరా?" అని అడిగాడు. అదే మాట నేను నెకేసాతో చెప్పి చూశాను. ఇవాళ లేవు, రేపు ఉంటాయి, ఇల్లు రేపటికి కూడా నిలబడాలి కదా అంది. ఆ ఇల్లు ఎల్లుండి దాకా నిలబడదని ఆమెకూ తెలుసు.

పన్నెండో రోజు గచోకానే మా గుమ్మంలోకి వచ్చాడు.

"కూలగొట్టే ఖర్చు నీ మీద పడకుండా చూస్తా. స్థలం నాకిచ్చెయ్. కొత్తవాళ్ళు ఇంకా పార్కింగు కావాలంటున్నారు."

"ఇంటికి ఎంత కడతావు?"

"ఎర్ర గుర్తు పడ్డ ఇంటికి ధరేముంటుంది వకినీ? స్థలానికే ఇస్తా."

ముంబి వైపు చూశాను. ఈసారి ఆమె కాగితాన్ని న్యాంబురాకు ఇచ్చింది. పిల్ల ప్రతి పేజీ మా భాషలో పైకి చదివింది, రెండుసార్లు. అందులో మోసమేమీ లేదు. అంతా ఉన్నదున్నట్టే రాసి ఉంది. ముంబి తనే కలం తీసుకుని, నా వంక చూడకుండా సంతకం చేసింది.

వాడిచ్చిన డబ్బు పాత అప్పులకూ, అద్దెవాళ్ళ అడ్వాన్సులు తిరిగివ్వడానికీ సరిపోయింది. యంత్రం రెండు రోజుల్లో ఇల్లు నేలమట్టం చేసింది. ఒక్క రాయి తెచ్చుకుంటానంటే, అమ్మకంలో అవి కూడా ఉన్నాయన్నారు. ఇప్పుడు అక్కడ పదకొండు కార్లు నిలబెడుతున్నారు, వాటిలో మూడు కరెంటువి. ఆ ఒప్పందంతో పోయింది పదహారడుగులు, ఈ అమ్మకంతో పోయింది ముప్పై నాలుగు. మొత్తం యాభై అడుగుల వెడల్పు, వంద అడుగుల పొడవు. ఐదు వేల చదరపు అడుగులు.