అద్దం వెనక అక్క

అక్కకి షుగరు. మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్ళి, రక్తం ఇచ్చి, బరువు చూపించుకుని, డాక్టరు చేత నాలుగు చీవాట్లు తిని రావడం పన్నెండేళ్ళ అలవాటు. ఆ చీవాట్లు వినడానికి చెల్లెలు కూడా వెళ్ళేది. వినడానికి అన్నది మాటవరసకే. ఏడో ఏట జ్వరమొచ్చి చెల్లెలికి రెండు చెవులూ పోయాయి. యాభై రెండేళ్ళు వచ్చినా అక్క ఆమెని బుజ్జీ అనే పిలిచేది. పెదాలు చూసి మాట పట్టేయడం బుజ్జికి వెన్నతో పెట్టిన విద్య. "దీని ముందు గొణుక్కోకండి, అన్నీ తెలిసిపోతాయి" అని అక్క కొత్తవాళ్ళని ముందే హెచ్చరించేది.

బావ పోయినప్పటి నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. కింద కుట్టు దుకాణం, పైన రెండు గదులు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవారు. బడులు మూతపడ్డాక మాస్కులు కుట్టడం మొదలుపెట్టారు. వీధిలో మూతులన్నీ మూసుకుపోయి, ఎవరేం అంటున్నారో బుజ్జికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "నా గొయ్యి నేనే కుట్టుకుంటున్నానే" అని మిషను తొక్కుతూ నవ్వేది. ఇంట్లో అక్క ముఖం తెరిచే ఉండేది కాబట్టి ఆ నవ్వు చెల్లింది.

రెండుసార్లు వాయిదా పడిన ఆ మామూలు పరీక్షకి చివరికి తేదీ దొరికింది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. రోగి ఒక్కరే లోపలికి వెళ్ళాలట. అక్క మాస్కు కిందికి లాగి, "అరగంటలో వస్తా. ఆ బెంచీ మీద కూర్చో. ఎండలో తిరక్కు" అని, తన చేతిసంచీ బుజ్జి ఒళ్ళో పడేసి వెళ్ళింది. ఫోను ఆ సంచీలోనే ఉండిపోయింది.

అరగంట గడిచింది. గంట దాటింది. మూడు గంటలయ్యాక బుజ్జి లేచి వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది. అతని మాస్కు పైకీ కిందికీ కదిలింది. "నాకు వినపడదు బాబూ, కాస్త మూతి చూపించి చెప్పు" అంది. అతను రెండడుగులు వెనక్కి వేసి ఇంకా గట్టిగా అరిచాడు. మెడ నరాలు ఉబ్బడం చూసి అరుస్తున్నాడని తెలుసుకుంది. కాగితం, పెన్ను చాపితే అది పాము అన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పాపం, అతనికీ ప్రాణమంటే తీపే.

పొద్దు వాలే వేళకి ఒక నర్సు బయటికొచ్చింది. ఆరడుగుల దూరంలో ఆగి, అటూ ఇటూ చూసి మాస్కు దించింది.

"మీ అక్కకి జ్వరం ఉంది. పరీక్ష చేశాం. ఆ జబ్బేనమ్మా. ఇక్కడే ఉంచేశాం."

బుజ్జికి ప్రతి మాటా అర్థమైంది. అయినా, "మళ్ళీ చెప్పండి" అంది. ఆ పిల్ల మళ్ళీ చెప్పింది.

బుజ్జికీ పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. అయినా వారం పాటు గడప దాటొద్దన్నారు. ఆ వారమంతా ఆమె ఒక్క మాస్కూ కుట్టలేదు. నర్సు పొద్దునొకటీ సాయంత్రమొకటీ ఫోనుకి పంపే కబురు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది.

ఎనిమిదో రోజు ఆసుపత్రి వెనక వైపుకి పరుగెత్తింది. అక్కడ ఒక సన్నటి సందు. మొదటి అంతస్తు కిటికీలకి అద్దాలు బిగించేసి ఉన్నాయి. కింద పదిమంది నిలబడి చేతులూపుతున్నారు. మూడో కిటికీలో అక్క కనిపించింది. సగం మనిషయింది.

"తిన్నావా?" అంది అక్క పెదాలతో.

బుజ్జి తలూపింది.

"అబద్ధం. కళ్ళు లోపలికి పోయాయి. ఇక్కడ సూది గుచ్చే పిల్లకి నువ్వొచ్చి కుట్టుపని నేర్పాలే. ఒక్క పోటూ తిన్నగా పడదు."

బుజ్జి పక్కున నవ్వింది. సందులో అందరూ తలలు తిప్పి చూశారు. వాళ్ళు గొంతులు పోయేలా అరిచినా అద్దం దాటనిది, వీళ్ళిద్దరికీ అంత సులువుగా దాటింది.

పక్కనే ఉన్న పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, దగ్గరికొచ్చి చేతిలోని పేపరు అంచు మీద రాసి చూపించాడు. 'నాలుగో కిటికీలో మా ఆవిడ. నాలుగు రోజులుగా ఏదో అడుగుతోంది. అర్థం కావడం లేదు. చెప్తారా?'

బుజ్జి ఆమె పెదాల వైపు చూసింది. "పెరట్లో కుళాయి కట్టేశారా అని అడుగుతున్నారు."

పెద్దాయన అక్కడే చతికిలబడి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి లేచి, కిటికీకి తలూపాడు, కట్టేశానని.

అప్పటి నుంచి రోజూ బుజ్జి చుట్టూ మనుషులు చేరేవారు. ఆమె అందరి మాటలూ అందించేది. ఒకసారి ఒక ముసలాయన కొడుకుతో, "నేనిక రానురా" అన్నాడు. కొడుకు బుజ్జి ముఖంలోకి చూస్తున్నాడు. "బాగానే ఉన్నానంటున్నారు" అని చెప్పేసింది. ఆ అబద్ధం ఆ రోజంతా ముల్లులా గుచ్చుకుంది.

సందుకి రావడం మొదలుపెట్టిన ఐదో రోజు మూడో కిటికీలో అక్క కూర్చోలేదు. మంచం కిటికీ వైపు తిప్పి ఉంది. ముక్కూ నోరూ కప్పేసి ఆక్సిజన్ మాస్కు. లోపల ఆవిరి కమ్ముతోంది, తగ్గుతోంది. అక్క చెయ్యెత్తి దాన్ని లాగబోయింది. "వద్దక్కా, తియ్యకు!" అని బుజ్జి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అక్క వినే రకమా! పక్కకి లాగింది. "బుజ్జీ, నువ్వు" అన్నంతవరకూ తెలిసింది. అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. పెదాలు వంకర్లు పోయాయి. ఏదో నాలుగైదు మాటలన్నది. నర్సు పరుగున వచ్చి మాస్కు సరిచేసింది.

పెద్దాయన పేపరు చాపాడు. 'ఏమన్నారు?'

ఊరందరి పెదాలూ చదివిన బుజ్జి, "తెలియలేదండీ" అంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నర్సు గేటు దగ్గరికి వచ్చింది. మాస్కు దించలేదు. కళ్ళు చాలాయి. అక్కని ఇంటికివ్వలేదు. మూట కట్టి బండి ఎక్కిస్తుంటే దూరం నుంచి చూపించారు. ముఖం కనిపించలేదు.

నెల తర్వాత పెద్దాయన తన భార్యను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆవిడ బతికి బయటపడింది. కర్ర ఊతంతో మెట్టెక్కి, కూర్చుని, తనంతట తనే మాస్కు తీసేసింది.

"మీ అక్క మంచం నా పక్కదేనమ్మా" అంది.

బుజ్జి ముక్కాలిపీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు కిటికీలోంచి నాతో ఏదో అంది. మీకేమైనా వినిపించిందా?"

ఆవిడ బుజ్జి ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పి ఓదార్చొచ్చు. ఆ ఆలోచన ఆవిడ ముఖంలోకి వచ్చి పోవడం బుజ్జి చూసింది.

"లేదు తల్లీ. ఆ మిషన్ల హోరులో ఏమీ వినపడలేదు. కానీ అంతకు ముందు చెప్పినవన్నీ గుర్తున్నాయి. నువ్వు చిన్నప్పుడు గంట కొట్టింది తెలియక బళ్ళోనే కూర్చుండిపోతే, వెతుక్కుంటూ వచ్చిందట కదా. నీ మొదటి గౌనుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టిందటగా. రాత్రుళ్ళు నిద్ర పట్టక చెప్తూనే ఉండేది."

"చెప్పండి" అంది బుజ్జి.

ఆవిడ మొదలుపెట్టింది. బుజ్జి రెప్ప వేయకుండా ఆ పెదాల వైపే చూస్తూ కూర్చుంది. చీకటి పడి పెదాలు మసకబారాయి. బుజ్జి లేచి లైటు వేసింది. ముక్కాలిపీటని ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చుంది.