ఎండమ్మ కూర్చున్న మేర

తెల్లవారేసరికి ఎండమ్మ గుమ్మం ముందు తడిబట్టల బుట్టలు బారులు తీరేవి. ఆవిడ తలుపు తీసి ఒక్కో బుట్టలోకీ తొంగిచూసి, "ఇవి పిండావా, నీళ్ళలోంచి తీసి అలాగే మోసుకొచ్చావా?" అని ఒకరినీ, "మీ ఆయన చొక్కా కాలరు ఇంకా నల్లగానే ఉందే, చేతులకి ఏమైనా నొప్పా?" అని ఇంకొకరినీ పలకరించి, అప్పుడు పీట వాల్చుకుని కూర్చునేది. ఆవిడ టీ తాగడం పూర్తయ్యేలోపు బట్టలన్నీ కరకరలాడుతూ ఆరిపోయేవి. ఎవరి బుట్ట వాళ్ళు ఎత్తుకుని పోయేవాళ్ళు.

ఆవిడ ఉన్నచోట తడి నిలవదు. పుట్టినప్పటినుంచీ అంతే. ఏడాది పొడుగునా గోడలు చెమర్చే రేవు ఊళ్ళో అలాంటి మనిషి ఒకరు ఉండటం అందరికీ వీలుగా ఉండేది. కొత్తగా సున్నం వేసిన గదుల్లో ఓ పూట కూర్చోమని పిలిచేవాళ్ళు. నానిపోయిన పరుపుల పక్కన కుర్చీ వేసేవాళ్ళు. పిలిస్తే వెళ్ళేది. కానీ ఆ ఊరి జనం మీద ఆవిడకి ఎప్పుడూ ఒకటే అభిప్రాయం: కిటికీ తెరిస్తే గాలి వస్తుందని కూడా ఒకరు చెప్పాల్సిన మనుషులు.

ఆ జనం అందరిలోనూ ఆవిడకి బొత్తిగా గిట్టనివాడు సొంత అల్లుడు.

అతను లాంచీల రేవులో టికెట్ మిషన్లు బాగుచేసే మెకానిక్. మనిషి సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఓ చిన్న బ్రష్షుతో, ఎవరు ఏమడిగినా చివరికి రోలర్ల దగ్గరికే వచ్చి ఆగేవాడు. పెళ్ళిలో కూడా ఫొటోగ్రాఫరు కెమెరా ఫిల్ము ఎలా చుట్టుకుంటుందో అడిగి తెలుసుకున్నాడు. "మా అల్లుడికి తలకాయ బదులు కాగితాల కట్ట ఉంది" అని ఎండమ్మ అప్పుడే తేల్చేసింది.

కూతురు పుట్టింటికి వచ్చేసి చాలా నెలలయింది. కడుపు పోయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎండమ్మ రాత్రీ పగలూ మంచం పక్కనుంచి కదల్లేదు. అల్లుడు పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. మంచం చివర నిలబడి, ముఖం చిట్లించి, పొడికళ్ళు మిటకరించి, కాసేపు గొంతు సవరించుకుని, "ఇవాళ కూడా మూడో మిషను జామ్ అయింది" అనేవాడు. అంతే. ఆస్పత్రినుంచి కూతురు తిన్నగా తల్లి ఇంటికే వచ్చింది.

"బిడ్డ పోతే కంట్లో చుక్క లేదమ్మా ఆ మనిషికి" అంది.

"ఉంటే ఆశ్చర్యపోవాలి" అంది ఎండమ్మ.

తరవాత అతను రెండు మూడుసార్లు వచ్చాడు. ముందుగదిలో ఎండమ్మ ఎదురుగా కూర్చుని, నేలకేసి చూసి, వెళ్ళిపోయాడు. కూతురు తలుపు వారనుంచి చూసి లోపలికి పోయేది.

ఒక ఉదయం మళ్ళీ వచ్చాడు. బుట్టలవాళ్ళు ఇంకా వెళ్ళలేదు.

"అత్తయ్యా, మీతో పనుండి వచ్చాను."

"నాతోనా అల్లుడుగారూ? లోపలున్నదాంతో కాదూ?"

"తను రానంది కదండీ. రేవులో మిషన్ల సంగతి. ఈ తేమకి కాగితం అంచులు వంకర తిరిగిపోతున్నాయి. రోలరు లాగితే ముందుకు రాకుండా లోపలే ముడుచుకుంటోంది. నేను చెయ్యాల్సిందంతా చేస్తున్నాను. ఇంకా ఇలాగే ఉంటే నన్ను తీసేస్తానంటున్నాడు మా సూపరింటెండెంటు. మీరు వచ్చి హాల్లో కూర్చుంటే..."

లోపల తలుపు దఢాలున మూసుకుంది. బుట్టలవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి వచ్చారనుకున్నాను. కాగితాల కోసం వచ్చారన్నమాట" అంది ఎండమ్మ. అయినా చెప్పులు వేసుకుంది. జాలిపడి కాదు. అతగాడు ఎంత పనికిమాలినవాడో దగ్గరుండి చూసి, కూతురికి పూసగుచ్చినట్టు చెప్పాలని.

రేవు హాలు పొడవాటిది. ఒకవైపు అద్దాల గోడ, దాని అవతల నీళ్ళు. ఇంకోవైపు టికెట్ మిషన్లు. వాటి పైన సూపరింటెండెంటు స్వయంగా రాయించిన బోర్డు: 'కాగితం ఇరుక్కోకుండా సహకరించండి.' ఎవరు సహకరించాలో, ఎలా సహకరించాలో బోర్డు చెప్పలేదు. జామ్‌లు ఆపడానికి ఆయన చేసిన పని మొత్తం అదే. ఆయన లావుపాటి మనిషి. ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉండేవాడు. ఎండమ్మ పక్కన నిలబడగానే ఆయన మెడ మీద చెమట ఆరిపోయింది. "అబ్బ! ఎంత హాయిగా ఉంది!" అన్నాడు.

"మీ హాయి కోసం రాలేదు. తప్పుకోండి" అంది ఎండమ్మ.

మొదటిరోజు మిషన్లు చక్కగా నడిచాయి. అద్దాల మీది ఆవిరి పోయి, అవతల లాంచీలు కడిగినట్టు కనిపించాయి. టికెట్లు ఫెళఫెళలాడుతూ బయటికొచ్చాయి. సూపరింటెండెంటు అటూ ఇటూ తిరుగుతూ, "బోర్డు పెట్టినప్పటినుంచీ చూడండి, ఎంత మార్పో!" అని కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు.

తరవాత కొత్త తంటా మొదలైంది. కాగితాలు మరీ ఎండిపోయి ఒకదానికొకటి అంటుకుని, జంటలు జంటలుగా వచ్చి మిషను నోట్లో ఇరుక్కున్నాయి. రోలర్ల రబ్బరు బిరుసెక్కి, పట్టు వదిలేసి, ఊరికే గిర్రున తిరిగింది. అల్లుడు మిషను మూత తెరిచి, వేలితో రబ్బరు నొక్కి చూసి, వెనక్కి తిరిగాడు.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. మీరు కొంచెం దూరంగా కూర్చోవాలి."

"పిలిచినప్పుడు దగ్గరికి రమ్మన్నారు!"

"తేమ ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమేనండీ."

కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. రెండు టికెట్లు తీసి వేళ్ళ మధ్య వంచి చూశాడు. మళ్ళీ జరిపాడు. ఇలా ఆ పూటంతా అత్తగారిని హాలు పొడుగునా బీరువాలా జరిపి, చివరికి ఒకచోట ఆపి, కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. ఎండమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా గీత దాటకుండా కూర్చుంది. ఆ తరవాత కాగితం తిన్నగా నడిచింది.

అక్కడినుంచి ఆవిడ రోజూ అతని పని చూసింది. చూడక ఏం చేస్తుంది, ఎదురుగా ఇంకేమీ లేదు. అతను కొత్త కట్టని వచ్చిందే తడవు మిషన్లోకి తొయ్యడు. హాలు గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు విప్పుతాడు. పేకముక్కల్లా పరపరలాడించి, అంచులు బల్లమీద తట్టి సమం చేస్తాడు. కాగితం పెట్టే అర నిండా కుక్కడు. పక్కనుండే రేకుల్ని కాగితానికి ఆనీ ఆననట్టు సర్దుతాడు. బ్రష్షుతో దుమ్ము దులుపుతాడు. ప్రయాణికులకి, "మొదటిది బయటికి రానివ్వండి, ఈలోగా ఇంకోసారి నొక్కకండి" అని చెబుతాడు. వాళ్ళు వినరు. నొక్కుతారు. 'వీళ్ళకి వేళ్ళు ఇచ్చినవాడు బుర్ర ఇవ్వడం మర్చిపోయాడు' అనుకునేది ఎండమ్మ. అల్లుడి శ్రద్ధ చూసినా ఆవిడకి మెప్పు కలగలేదు. కాగితం మీద ఇంత ప్రేముండి పెళ్ళాం మీద లేకపోవడం ఇంకా పెద్ద నేరంగా తోచింది.

సాయంత్రం ఇంటికెళితే కూతురు కుట్టుమిషను మీదనుంచి తల ఎత్తకుండానే అడిగేది.

"ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? కాగితాలతో కాపరం చేస్తున్నాడు."

కూతురు ఇంకేమీ అడిగేది కాదు. కానీ మర్నాడు కూడా ఆ ఒక్క ప్రశ్న అడిగేది.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు అక్కాచెల్లెళ్ళు హాల్లోకి వచ్చారు. చెల్లెల్ని లాంచీ ఎక్కించడానికి వచ్చింది అక్క. ఎండమ్మ కుర్చీ పక్కనే నిలబడి ఒకరినొకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. ఎండమ్మ విసుగ్గా చూసింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, గొంతులు పూడుకుపోతున్నాయి, చెంపల మీద మాత్రం తడన్నది లేదు. 'దొంగ ఏడుపులు' అనుకుంది. వాళ్ళు ఏడుస్తూనే హాలు చివరనున్న గేటు దాకా నడిచారు. అక్కడికి చేరేసరికి ఇద్దరి ముఖాల మీదా నీళ్ళు ధారలు కట్టాయి. అక్క పమిట చెంగుతో చెల్లెలి ముఖం తుడిచింది. చెంగు తడిసి ముద్దయింది.

ఎండమ్మ గేటుకేసి చూసింది. తన కుర్చీకేసి చూసుకుంది. మళ్ళీ గేటుకేసి చూసింది.

ఇన్నేళ్ళలో ఆవిడకి ఆ ఊహే తట్టలేదు. ఆవిడ ఇంట్లో ఏడవడమంటే చేతకానితనం కింద లెక్క. ఎదురుగా నిలబడి ఏడ్చే సాహసం ఎవరూ చెయ్యలేదు. ఆవిడకి తెలిసిన ముఖాలన్నీ పొడిముఖాలే. ఊరంతా గుండెల్లేని మనుషులని ఆవిడ నమ్మడానికి సగం కారణం అదే. మంచం చివర నిలబడి కళ్ళు మిటకరించిన అల్లుడు గుర్తొచ్చాడు. పూటపూటకీ వచ్చాడు. పూటపూటకీ తను అక్కడే ఉంది, మంచానికి ఆనుకుని, ఒక్క పూట కూడా బయటికి పోకుండా.

'అయితే మాత్రం, ఆ మిషను గోల ఎందుకు ఎత్తాలిట?' అనుకుంది కోపంగా. ఆ కోపం కాసేపు కూడా నిలవలేదు. నోరు పెగలని మనిషికి వచ్చిన మాట అదొక్కటే.

ఆ సాయంత్రం కూతురు తలెత్తి మాట్లాడింది. "అమ్మా, అవతలి ఒడ్డున ఓ బళ్ళో కుట్టు నేర్పే పని దొరికింది. ఉండటానికి గది కూడా ఇస్తారు. రేపటి లాంచీకి వెళ్ళిపోతాను. ఇక ఇక్కడ నాకేముంది?"

ఎండమ్మ చెబుదామని నోరు తెరిచింది. అది చెబితే, ఆస్పత్రిలో పక్కనుంచి కదలకుండా తను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ నలుగురినీ వేలెత్తి చూపించిన మనిషి, ఆ వేలు మడుచుకోవడం ఎలాగో ఆవిడకి తెలీదు.

"నీ ఇష్టం" అంది.

మర్నాడు కూతురు సంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చేసరికి ఎండమ్మ సుద్దగీతల మధ్య కూర్చుని ఉంది. హాలు నిండా జనం. అల్లుడు ఆవిడ కుర్చీవైపునున్న చివరి మిషను దగ్గర కట్ట తట్టుకుంటున్నాడు. భార్యని చూశాడు. సంచీని చూశాడు. చేతిలో కాగితాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కళ్ళు మిటకరించాడు, అదే తీరున, పొడిపొడిగా. కూతురు ఒక్క క్షణం ఆ ముఖంలోకి వెతికినట్టు చూసి, తల తిప్పుకుని వరసలో నిలబడింది.

ఎండమ్మ ఇద్దరినీ చూసింది. ఒకడికి నోరు లేదు, ఇంకోదానికి ఓపిక లేదు. మధ్యలో తను. వీళ్ళిద్దరినీ ఒక చూరు కింద చేర్చడమే తెలివితక్కువ పని, చేర్చాక విడదీయడం ఇంకా తెలివితక్కువ పని అనుకుంది.

కుర్చీలోంచి లేచింది.

"ఎక్కడికండీ పెద్దమ్మగారూ?" సూపరింటెండెంటు పరిగెత్తుకొచ్చాడు. "రద్దీ టైము!"

"గాలి కోసం. ఇక్కడ ఊపిరాడటం లేదు."

"మిషన్లు జామ్ అయిపోతాయండీ!"

"మీ బోర్డుంది కదా. సహకరించమనండి" అని ఆవిడ బయటికి నడిచింది.

లాంచీలు ఆగే ధక్కా మీద దాదాపు చివరిదాకా వెళ్ళి, అక్కడున్న చెక్కబల్ల మీద హాలుకి వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి ఉండబట్టలేక తల తిప్పింది. అద్దాలు మెల్లగా చెమరుస్తున్నాయి. లోపల మనుషులు మసగ్గా, నీళ్ళలో నీడల్లా కనిపించారు. ఓ మిషను కీచుమంది. జనం గోల పెట్టారు. ఒక సన్నటి నీడ వచ్చి మూత తెరిచి వంగింది. పక్కనే సంచీ ఉన్న నీడ కదలకుండా నిలబడింది. ఆ పైన అద్దమంతా ఆవిరి కమ్మేసింది. పది అడుగులు దగ్గరికి వెళితే చాలు, అద్దం తేటపడుతుంది, అంతా కనిపిస్తుంది. అంత దగ్గరికి వెళితే అద్దం ఒక్కటే ఆరదని ఆవిడకి ఇప్పుడు తెలుసు. మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది.

సూపరింటెండెంటు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అన్నీ ఆగిపోయాయండీ! మీ అల్లుడు మూత తెరిచి, చెయ్యి లోపలే పెట్టి, ఏమిటో మరి... పని చెయ్యటం లేదు. మీరొచ్చి కూర్చోండి, మీకు దండం పెడతాను."

"టికెట్లు లేకుండా జనాన్ని ఎక్కించి పంపించండి. ఆమాత్రం అధికారం లేదా మీకు?"

"ఉందనుకోండి..."

"మరి వాడండి. లావెక్కడానికి కాదుగా ఇచ్చింది."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. జనం దడదడా లాంచీ ఎక్కారు. కూత వేసి లాంచీ కదిలింది. ఎండమ్మ పైఅంతస్తు నుంచి కిందిదాకా ముఖాలన్నీ చూసింది. దానిమీద ఉన్నవాళ్ళు ఆవిడకి ఎవరూ కారు.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ధక్కా సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎండమ్మ తిరిగి చూసింది. కూతురు అంత దూరంలోనే నిలబడి ఉంది. భుజాన సంచీ లేదు. చేతిలో ముద్దయిపోయిన సగం టికెట్ ఉంది. చెంపలు రెండూ తడిగా మెరుస్తున్నాయి. తల్లి ముఖంలోకి, తమ ఇద్దరి మధ్యనున్న దూరంలోకి మార్చి మార్చి చూసింది. ఒక అడుగు ముందుకు వేయబోయి మానేసింది.

"అమ్మా" అంది, గొంతు బొంగురుగా. "ఇంకాసేపు ఇక్కడే ఉంటావా? లోపలికి రాకు."

"నాకేం పని మీ దగ్గర?" అంది ఎండమ్మ.

కూతురు వెనక్కి తిరిగి, దాదాపు పరుగులాంటి నడకతో హాల్లోకి వెళ్ళిపోయింది. ఎండమ్మ నీళ్ళకేసి చూస్తూ, "నలుగురిలో నిలబడి ఆ ఏడుపేమిటి, అసహ్యంగా, ఇద్దరికిద్దరూ" అని పైకే అంది. తరవాత లేచి, బల్లని రెండు చేతులా పట్టుకుని, ఇంకాస్త దూరంగా, ధక్కా కొసాకి లాక్కుని కూర్చుంది.