ఓడలో ఎవరికి ఎవరు

లాల్‌దర్వాజాలో పాల దుకాణం నడిపే లలితమ్మ మాట్లాడితే పక్క గల్లీకి వినబడుతుంది. ఆ గొంతే ఆమెను మైకు ముందు నిలబెట్టింది. అదే వాడలో ఉండే అభిజ్ఞ చాంద్రాయణగుట్ట దగ్గర ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో మాటలు రాస్తుంది. జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి తెలుగులోకి వస్తోందనీ, అందులో వంట చేసే ముసలామెకు ఇట్లాంటి గొంతే కావాలనీ పాలకు వచ్చినప్పుడల్లా చెప్పి చెప్పి ఒప్పించింది.

ఒప్పుకుందేగానీ కథ మాత్రం లలితమ్మకు అంతుపట్టలేదు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ. అందులో సైన్యం నుంచి పారిపోయిన తెత్సు, ప్రయోగశాలలో తయారైన మియో అనే పిల్ల, సగం పాడైన ఒక మరమనిషి, వీళ్లందరికీ వండిపెట్టే హరూ. హరూకు లలితమ్మ గొంతు. ఎవరి మాటలు వాళ్లే విడిగా చెప్పాలి. అదీ వరసగా కాదు. మొదటి రోజు మియో తప్పిపోయిందని హరూ ఏడ్చింది. రెండో రోజుకు మియో ఇంకా ఓడే ఎక్కలేదు.

"గీ పోరి నాకేమైతది?" అని అడిగింది లలితమ్మ.

"ఏం కాదు ఆంటీ."

"మనుమరాలు కాదా?"

"కాదు. తెత్సు కూడా కొడుకు కాదు. అందరు కల్సి ఉంటరు, అంతే. వాళ్లదే ఒక ఫ్యామిలీ."

"వరస లేకుంటె ఎట్ల పిలుస్తరు? పోరి నన్ను ఏమని పిలుస్తది?"

అభిజ్ఞ రాస్తున్నది ఆపింది. జపాన్ మాటలో ఆ పిల్ల హరూను పేరుపెట్టి పిలుస్తుందట. తెలుగులో ముసలామెను పేరుపెట్టి పిలిస్తే చెవికి గుచ్చుకుంటుంది. అమ్మమ్మా అందామంటే లేని చుట్టరికం వచ్చి పడుతుంది. వారం రోజులుగా తనకూ అదే తలనొప్పి అని చెప్పి, అభిజ్ఞ మళ్లీ కాగితంలోకి తల వంచింది.

ఆ వారమే నిజామాబాద్ నుంచి తమ్ముడు నగేష్ ఫోన్ చేశాడు.

"ఆదివారం మాన్యను తీస్కొని వస్త అక్కా. నువ్వు ఇంకా చూడనే లేదాయె. కాని గా రోజు ఆమె ఇంట్ల లేకుంటె మంచిది."

ఆమె అంటే అమల. నగేష్ మొదటి భార్య. నాలుగేళ్ల కిందట కోర్టులో ఇద్దరూ విడిపోయారు. నగేష్ ఊరు విడిచి వెళ్లి కిందటేడు ఎవరినీ పిలవకుండా మాన్యను పెళ్లి చేసుకున్నాడు. పుట్టింట్లో ఎవరూ మిగలని అమల లలితమ్మ మేడ మీది గదిలోనే ఉండిపోయింది. పొద్దున్నే పాల ప్యాకెట్లు సర్ది, తర్వాత లాడ్ బజార్‌లో గాజుల దుకాణానికి పోతుంది. ఆమెను ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

"ఇంకా ఏంది అక్కా, ఆమె నీకేమైతది ఇప్పుడు?" అన్నాడు నగేష్.

మరదలు అనబోయింది లలితమ్మ. ఆ మాట కోర్టు కాగితంతోనే పోయింది కదా అని గుర్తొచ్చి ఆగిపోయింది. ఇంకో మాట దొరకలేదు. "చూస్త తియ్" అని ఫోన్ పెట్టేసింది.

గుమ్మంలో అమల ఉంది. అంతా విన్నట్టే ఉంది. "ఆదివారం గాజుల దుకాణంల మస్తు పని ఉంటది వదినా. నేను అటే పోత" అంది. మంచిదనాలో వద్దనాలో తెలియక లలితమ్మ ఫోన్‌ను కొంగుతో తుడవసాగింది.

మర్నాడు స్టూడియోలో పదకొండో భాగం. హరూ సొంత కొడుకు తెల్లటి ఓడ వేసుకొని వస్తాడు. తల్లి చేయి పట్టుకొని, పోదాం రా, వీళ్లు నీకేమవుతారు అని అడుగుతాడు. హరూ చెప్పాల్సిన జవాబు కాగితం మీద ఉంది. "ఏమీ కారు. కానీ బియ్యం నానబెట్టాను."

లలితమ్మ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ చెడింది. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"కన్న కొడుకును గట్ల నిలబెట్టి పంపుతరా? ఇంత తిని పొమ్మనొచ్చు గద."

"అందులో లేదు ఆంటీ."

"నువ్వు రాయి."

"బొమ్మ నోరు కదిలేది నాలుగు సెకండ్లే. అంత మాట పట్టది."

ఇక చేసేది లేక, పాలు అయిపోయాయని గిరాకీకి చెప్పినట్టు ఒట్టిగా చెప్పేసింది. అద్దం అవతల కూర్చున్న ముకుంద్, డబ్బింగ్ చేయించే ఆయన, రికార్డింగ్ ఆపాడు. తర్వాత "ఇదే ఉంచుదాం అమ్మా" అన్నాడు. అందులో అంత బాగున్నదేమిటో లలితమ్మకు తెలియలేదు. ఆ ముసలిది చేసింది తప్పేనని ఆమెకు ఇంటిదాకా అనిపిస్తూనే ఉంది.

ఇంటికి రాగానే నగేష్‌కు ఫోన్ చేసింది.

"ఆదివారం రాండ్రి. తిని పోదురు. అమల గూడ ఉంటది."

"ఆమె గూడనా?" అన్నాడు నగేష్. "సరే" అన్నాడు చివరికి.

అమలకు చెబితే ఆమె భయంగా చూసింది. "నేనెందుకు వదినా?"

"నాకు గూడ తెల్వది. దుకాణానికైతె పోకు."

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. మాన్య సన్నటి పిల్ల, ఎటు చూడాలో తెలియక గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. వంటింట్లోంచి అమల, ముందుగదిలోంచి మాన్య ఒకేసారి "వదినా" అని పిలిచారు. లలితమ్మ రెండు గదుల మధ్య నిలబడి ఎవరికీ కాకుండా "ఆఁ" అంది.

నగేష్ కంచంలోంచి తలెత్తలేదు. అమల వడ్డించింది. మాన్య మెల్లగా, "అక్కా, ఇంకొంచెం పప్పు" అంది.

నగేష్ చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. అమల గరిటెతో పప్పు వేసింది. వేస్తూ వేస్తూ మాన్య చేతి గాజులు చూసింది.

"రెండు ఆరు సైజు తీస్కున్నవా? జారిపోతున్నయి. నీకు రెండు నాలుగు పడ్తది. ఎవరిచ్చిండ్రు?"

"ఈయనే తెచ్చిండు" అంది మాన్య.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ లేచిపోనూ లేదు.

వాళ్లు వెళ్లాక లలితమ్మ గిన్నెలు ముందేసుకొని కూర్చుంది. మంచి పని చేసిందో, ఇద్దరు ఆడపిల్లలనూ నొప్పించిందో తేలడం లేదు.

"బాధైందా?" అని అడిగింది.

అమల గిన్నె తోముతూ ఆగింది. "ఏమో వదినా. గా పిల్ల మంచిగనే ఉన్నది. గదే సమజైతలేదు."

"నాకు గూడ" అంది లలితమ్మ.